జోడు పొట్లం

“బాగుండాది,” అనింది మా అమ్మ.

అని, పొట్లం దారం మళ్ళీ బిగించి, మా అన్న దిండు మీద పెట్టింది. వాకిట్లో నిలబడి చూస్తా ఉన్న ఆడోళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి వదిలినారు. పక్కింటి వెంకటశేషమ్మ రెండు చేతులూ పైకెత్తి, “నీ బిడ్డ నూరేళ్ళు బతుకుతాడు రెబెక్కమ్మా, నా మాట రాసి పెట్టుకో,” అనింది. ఆ కబురు వీధంతా పంచేదాకా ఆమెకి కాలు నిలవదు గదా, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అప్పుడే బయల్దేరింది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా అన్న మాథ్యూ గురువారం పొద్దున్నే పీతల వలలేసుకుని సరస్సులోకి పోయినాడు. ఇవాళ సోమవారం. ఫోను చార్జింగులో పెట్టి మరిచిపోయినాడు, అదింకా గోడకి వేలాడతానే ఉండాది. సూళ్ళూరుపేట స్టేషన్లో కంప్లైంటు ఇచ్చినాము, వాళ్ళు వాళ్ళ పని చేస్తా ఉండారు. కానీ ఆ దిబ్బల మధ్య యాడ లోతో, యాడ బురద మనిషిని మింగుతాదో తెలిసినోళ్ళు మా బెస్తపల్లె, ఈ కుప్పం మొగోళ్ళే. వాళ్ళేమో పడవలు ఒడ్డున బోర్లించి, బీడీలు కాల్చుకుంటా కూర్చున్నారు.

ఎందుకంటారా? ఆ దిండు మీద ఉన్న అన్నం ఇంకా చెడలేదు గాబట్టి!

బయటోళ్ళకి ఇది విడ్డూరంగానే ఉంటాది. మా కుప్పంలో మొగోడు రాత్రికి ఇంటికి రాని వేటకి పోతే ఒకే కుండలో అన్నం రెండు పొట్లాలు కడతారు. ఒకే ఆకు, ఒకే దారం. ఒకటి ఆయనతో పోతాది, ఒకటి ఇంట్లో ఉంటాది. దాన్నే జోడు పొట్లం అంటారు. అన్నం బాగున్నంతసేపు మనిషి బాగున్నట్టు. వాసన చూసి చెప్పాల్సింది కన్నతల్లి, ఇంకెవరూ ముట్టకూడదు. అన్నం బాగుండగానే పడవలు దించి వెతకబోతే, బతికున్నోడి మీదికి చావుని పిలిచినట్టే. గుడికి పోయేవాళ్ళూ ఇంతే, చర్చికి పోయే మేమూ ఇంతే. పాస్టరు గారు ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నా పొట్లం పొట్లమే.

కుప్పానికి పెద్ద ముత్యాలయ్య మామ. మంచి పడవలన్నీ ఆయనవే. అమ్మ మాట వినిపోదామని వచ్చి, అరుగు మీద కూర్చుని కాఫీ తాగతా ఉన్నాడు.

“మామా, నీ కాళ్ళు పట్టుకుంటా. పడవలు దించు,” అన్నాను.

“మీ అమ్మ ఏమనింది?”

“ఆమె సంగతి సరే. మా అన్నకి కాలో చెయ్యో విరిగి ఏ దిబ్బ మీదో పడి ఉంటే? తాగను నీళ్ళు లేకుంటే?”

“మీ అమ్మ ఏమనిందని అడిగినా.”

“బాగుండాదనింది.”

“ఇంకేం మరి?” గ్లాసు కింద పెట్టి లేచినాడు. “లిల్లమ్మా, నువ్వు బట్టల షాపులో పని చేస్తా నలుగురితో తిరిగేదానివి. నీకు ఇవన్నీ నవ్వులాటగా ఉంటాయి. మా తమ్ముడప్పుడు మేం ఆగలేదు. అన్నం బాగుండగానే పోయి వెతికినాం. ఏం తెచ్చుకున్నామో కుప్పమంతా చూసింది. ఆ పాపం నేను మళ్ళీ నెత్తినేసుకోను.”

నేను లోపలికొచ్చినాను.

అమ్మ అన్నం తింటా ఉంది. రోజూ ఇంతే. పొట్లం వాసన చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. బాగుండాదని తేలినాక, దిండు పక్కనే కూర్చుని నాలుగు ముద్దలు తింటాది. తింటా తింటా ఆ పొట్లంతో మాట్లాడతాది. “చలి గాలి తిరిగింది నాయనా, చెవులకి గుడ్డ కట్టుకో,” అంటాది. నిన్నయితే నన్ను పిలిచి, “ఏమ్మే, చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, వెచ్చగా ఉండాది,” అనింది. నేను పెట్టలేదు. భయమేసింది. ఆ గదిలోకి మా పిల్లి కూడా రావటం మానేసింది. గదంతా లవంగాల వాసన, పన్ను నొప్పికి దూది పెట్టుకున్నప్పుడు వస్తాదే, అట్టా.

ఆ వాసన ముక్కుకి తగిలినప్పుడే నా బుర్రలో ఏదో కదిలింది. లవంగాల వాసన అన్నానికెందుకు వస్తాది?

వెంటనే పెరట్లో షెడ్డులోకి పోయినాను.

షెడ్డు మా వదినది. ఎవాంజెలిన్ వదిన పుట్టిల్లు కొడవలూరు. వాళ్ళ వరి కయ్యల్లో గడ్డి లారీ మీద వస్తాది. దాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, కాగితం వత్తి, ఆరినాక దాని మీద నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె పూస్తాది. ప్లాస్టిక్కు కాదు, మట్టిలో పడేస్తే మట్టిలో కలిసిపోతాది. అందులో చుట్టిన తిండికి బూజు పట్టదు, పురుగు రాదు. నాయుడుపేట రోడ్డు మీద హోటళ్ళోళ్ళు ఇప్పుడిప్పుడే అడగతా ఉండారు. మా అమ్మకి మాత్రం ఆ కాగితమంటే పడదు. “అన్నం చెడకుండా ఉంటాదంట! బేరం కోసం ఎన్ని ఎచ్చులైనా చెప్తారు,” అని మూతి తిప్పేది. ఆ మాటకి వదినా అమ్మా మాట్లాడుకోకుండా ఎన్ని పూటలు గడిపినారో నాకు తెలుసు.

వదిన తొట్టి పక్కన ఊరికే నిలబడి ఉంది. అన్న పోయినప్పటి నుంచి పని ముట్టలేదు. ఆరేసిన కాగితాలు ఆరేసినట్టే ఉండాయి, గాలికి గలగలమంటా.

“వదినా, ఆ జోడు పొట్లం దేంట్లో కట్టినావు?”

ఆమె నా వైపు చూడలేదు. “ఒకే దాంట్లో కట్టాల గదా రెండూ. మీ అన్న నా కాగితంలోనే కావాలన్నాడు. నీళ్ళ మీద రెండ్రోజులు ఎట్టా ఉంటాదో చూసి చెప్తానన్నాడు.”

“అయితే అది చెడదు.”

చేతిలో గుడ్డతో తొట్టి అంచు తుడిచింది.

షెల్ఫు మీద పొట్లాలు వరసగా ఉండాయి, పరీక్షకని ఆమె పెట్టుకునేవి. ఒకటి లాగి దారం తెంపినాను. పప్పన్నం, మీద వేయించిన నెత్తళ్ళ చేపలు. కమ్మటి నెయ్యి వాసన గుప్పుమనింది. మామూలుగా అయితే నా కడుపులో ఆకలి కదలాల. పొట్లం దూరంగా జరిపినాను.

“ఇది ఎప్పటిది?”

“మీ అన్న పోయినదానికి ముందురోజుది.”

మామూలు అరిటాకులో పప్పన్నం మరుసటి రోజు సాయంత్రానికి జిగురు కడతాది. కడితే పడవలు దిగతాయి. మా పెద్దోళ్ళు పెట్టిన లెక్క అంతే, ఒక రోజు ఆగి వెతకమని. శుక్రవారం సాయంత్రమే దిగాల్సిన పడవలు ఇవి! ఈ కాగితం వాటిని ఒడ్డునే కట్టేసింది.

“నీకు మొదటి రోజే తెలుసు,” అన్నాను.

“తెలుసు.”

“తెలిసి నోరు మూసుకున్నావా? అదేం మనసు వదినా నీది? రాయా?”

అప్పుడు తిరిగింది. కళ్ళు ఎండిపోయి ఉండాయి. “ఏం చెప్పమంటావు లిల్లీ? అది నా కాగితం గొప్పే గానీ ఆయన బతికున్నందుకు కాదని చెప్పమంటావా? అట్టా చెబితే ఆయన లేడని నా నోటితో నేను అన్నట్టే గదా! పొద్దున్నే మీ అమ్మ బాగుండాదంటే, అబద్ధమని తెలిసి కూడా నా గుండె కాసేపు కుదురుగా కొట్టుకుంటాది. ఆ కాసేపటి కోసం పడి ఉన్నాను.”

“నువ్వు కుదురుగా ఉండేదానికి మా అన్న ఆడ దాహంతో చావాల్నా?”

ఆ మాట అనకూడదు. అన్నాను. అంటే అన్నాను! వదిన ముఖం పాలిపోయింది. చేతిలో గుడ్డ తొట్టిలోకి జారవిడిచి, నా పక్క నుంచి ఇంట్లోకి నడిచింది.

దిండు ముందర నిలబడి చెప్పింది. అంతా చెప్పింది. నేను పరిగెత్తి ముత్యాలయ్య మామని సందు చివర నుంచి వెనక్కి పిలుచుకొచ్చినాను. ఆయనా విన్నాడు. బయట తెల్లగా మంచు, అందులో యాడనో కొంగలు అరస్తా ఉండాయి.

అమ్మే ముందు నోరు తెరిచింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

“నా కొడుకు ప్రాణం నీ నూనెలో ఉండాదా మే?”

“అత్తా, ఉత్త నూనే అది. ప్రాణం కాదు. అదే నేను చెప్పేది.”

“ఇన్ని పొద్దులు నా చేత వాసన చూపించినావు. నా చేత అన్నం తినిపించినావు.”

“తప్పే. కొట్టు.”

అమ్మ కొట్టలేదు. ముత్యాలయ్య మామ వైపు తిరిగింది. “ఏం చెయ్యమంటావు అన్నా?”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “కాగితాల సంగతి నాకు తెలవదు. జోడు పొట్లం ఆకులో ఉండాల. ఆకులోకి మార్చండి. పొద్దు వాలేలోగా చెడితే పడవలు దిగతాయి. చెడకపోతే నన్ను మళ్ళీ అడగబాకండి.”

“కాగితం తీస్తే మధ్యాహ్నానికల్లా పోతాది మామా,” అనింది వదిన. “ఎన్నిసార్లు చూసినానో. కావాలంటే ఇంకోటి పక్కన పెడతాను.”

షెడ్డులో నేను విప్పిన పొట్లం తెచ్చింది. అరుగు మీద రెండు అరిటాకులు పరిచినారు. కుడి వైపు అన్న జోడు అన్నం, అమ్మే తన చేత్తో వేసింది. ఎడమ వైపు షెడ్డు అన్నం. అదే పప్పు, అవే నెత్తళ్ళు, అదే కాగితంలో పడుకుని లేచిన మెతుకులు. కుడి దానికంటే ఎడమది ఒక్క రోజు పాతది, అంతే తేడా.

మేం ముగ్గురం గోడకానుకుని కూర్చున్నాము. అన్నం చెడిపోవాలని దేవుణ్ణి వేడుకున్న ఇల్లు ఈ భూమ్మీద మాదొక్కటే అయ్యుంటాది. నేను వేడుకున్నాను. చెడితే పడవలు పోతాయి, అన్న దొరుకుతాడు. కానీ చెడితే... ఆ రెండో సగం దగ్గర ప్రార్థన ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఎండెక్కింది. మంచు విడిచింది. ఎడమాకు మీద ఈగ వాలింది. తర్వాత ఇంకోటి. చీమలు అరుగు పగులు నుంచి బయటికొచ్చి, వరస కట్టి ఎడమాకు ఎక్కినాయి.

కుడాకు దగ్గరికి ఒక్క చీమ రాలేదు.

“ఇంకొంచెంసేపు,” అనింది వదిన.

భోజనాల పొద్దు దాటింది. ఎడమాకులో పప్పు నురుగు తేలింది. వదిన పుల్లతో కదిపితే తీగలు సాగింది. పులిసిన కంపు అరుగంతా కమ్ముకుంది. వెంకటశేషమ్మ వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, రెండాకుల్నీ చూసి, జన్మలో మొదటిసారి ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి పోయింది.

కుడాకులో అన్నం తెల్లగా పొడిపొడిగా ఉండాది. నెయ్యి మెరస్తా ఉండాది, ఇప్పుడే పొయ్యి మీద నుంచి దించినట్టు.

“నూనె మెతుకుల్లోకి దిగి ఉంటాది,” అనింది వదిన.

“రెండిట్లోకీ దిగాల గదా?” అన్నాను.

ఆమె పుల్ల కింద పడేసింది. లేచి పంపు దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చింది. మళ్ళీ పోయి మళ్ళీ కడుక్కుంది. వచ్చి కుడాకు ముందర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె ముఖంలో ఏదో మారతా ఉండాది. నూనెల పాళ్ళు గ్రాముల్లో తూచే మనిషి, కాన్పు గది బయట నిలబడిన మొగుడిలాగా పెదాలు కదిలిస్తా ఉంది.

“లిల్లీ,” అనింది గుసగుసగా. “బతికుండాడు.”

ఔనంటే నాకు పిచ్చి. కాదంటే మా అన్నని నేనే చంపినట్టు. అమ్మ మాత్రం కదల్లేదు. పొద్దున్నుంచి ఆమె ఆకుల వైపు సరిగా చూడనే లేదు. సరస్సు వైపే చూస్తా ఉండాది, ఎండలో తళతళలాడే ఆ నీళ్ళ వైపు. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు అడిగింది. చెంబు అందుకుని, నోటిదాకా తీసుకుపోయి, తాగకుండానే పక్కన పెట్టేసింది.

పొద్దు బారెడు ఉండగానే ముత్యాలయ్య మామ వచ్చినాడు. వెనక పడవలోళ్ళు. అరుగెక్కకుండా వీధిలోనే నిలబడినారు. కంపు వాళ్ళదాకా కొడతానే ఉండాది. ఒకడు పక్కకి తిరిగి ఉమ్మేసినాడు.

“చూసి చెప్పు రెబెక్కమ్మా,” అన్నాడు మామ.

అమ్మ లేచింది. కుడాకు ముందర వంగింది. కొంగు రెండు వైపులా జారి ఆకుని కప్పేసింది. చాలాసేపు అట్టాగే ఉండిపోయింది. వదిన రెండు చేతులూ జోడించుకుని నవ్వు ముఖంతో చూస్తా ఉండాది, అమ్మ ఏమంటాదో తెలిసిన దాని మల్లే.

అమ్మ తలెత్తింది.

“చెడింది,” అనింది. “పడవలు దించండి.”

ముత్యాలయ్య మామ నెత్తి మీది గుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అయ్యో అని ఒక్క మాట అన్నాడు, వెనక్కి తిరిగినాడు. మొగోళ్ళంతా ఒడ్డుకి పరిగెత్తినారు. ఎవడో డీజిల్ క్యానుల కోసం కేక పెట్టినాడు.

నేను ఉండబట్టలేక వంగి చూసినాను. ఇంకెవరూ ముట్టకూడదని తెలుసు, అయినా వంగినాను. నెయ్యి. జీలకర్ర. నెత్తళ్ళ మీద కారప్పొడి. మచ్చుకి కూడా పులుపు లేదు. కాగితం వాసనా లేదు. లవంగాలు లేవు, నిమ్మగడ్డి లేదు. మా ఇంటి పప్పన్నం, అంతే.

“అత్తా!” వదిన అమ్మ భుజాలు పట్టుకుంది. “బాగుండాది గదా! నీకు వాసన రాలేదా? అబద్ధం ఎందుకు చెప్పినావు?”

“అరవబాక.”

“నువ్వే గదా ఇన్నాళ్ళు నమ్మింది! నేను కాదన్నప్పుడు నమ్మినావు, ఇప్పుడు నా కళ్ళ ముందర...”

“ఇప్పుడూ నమ్ముతా ఉండాను,” అనింది అమ్మ. “నా బిడ్డ బతికే ఉండాడు. బతికున్నోడికి దాహమేస్తాది మే. పోయి తెచ్చుకోవద్దా?”

“బాగుండగా వెతికితే చావుని పిలిచినట్టే! మామ తమ్ముడికి ఏమయిందో నువ్వు చూడలేదా?”

“చూసినా. ఆ పాపం నాది. నేను మోస్తా. నువ్వు నోరు మూసుకుని కూర్చో.”

వదిన కూర్చోలేదు. నేను పట్టుకునే లోపలే ఆకుని రెండు చేతులతో ఎత్తుకుని వీధిలోకి దూకింది. మెతుకులు రాలకుండా రొమ్ముకి అదుముకుని ఒడ్డు వైపు పరిగెత్తింది. చెప్పులు కూడా లేవు కాళ్ళకి.

“పట్టుకో లిల్లీ!” అమ్మ కేక.

నేను పరిగెత్తినాను. వలలు ఆరేసిన గుంజల మధ్య నుంచి పడతా లేస్తా పరిగెత్తినాను. పడవలు అప్పటికే నీళ్ళలోకి దిగి, ఒకదాని వెనక ఒకటి దిబ్బల వైపు సాగతా ఉండాయి. ముందర ముత్యాలయ్య మామ పడవ. వదిన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆకు తల మీదికెత్తి, గొంతు చిరిగేలా అరిచింది.

“మామా! చెడలేదు! అన్నం బాగుండాది, వెతకబాకండి!”

నేను వెనక నుంచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టినాను. ఆమె కొరికింది. అయినా తియ్యలేదు. ఇద్దరం నీళ్ళలో పడినాము.

లేచి చూసేసరికి, అందరికంటే ముందు పోయిన పడవ ఇంజను ఆగిపోయింది, ముత్యాలయ్య మామ అందులో నిలబడి మా వైపే చూస్తా ఉండాడు.